ఫైల్ బాగానే ఉంది, కెర్నల్ మాత్రం లోడ్ చెయ్యనంటోంది: సమస్య - పరిష్కారం

సమస్య: లినక్స్‌లో పెన్‌డ్రైవ్‌లోంచి వైఫై మాడ్యూల్‌ని, అంటే కెర్నల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) తగిలించే డ్రైవర్ ముక్కని, ఇన్‌స్‌మాడ్ కమాండ్‌తో ఎక్కించబోతే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటాది, సుడో (అడ్మిన్ హక్కు) పెట్టినా అంతే. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర రూముల్లో ఉండి సొంత కెర్నల్ బిల్డ్ చేసుకునే కుర్రోళ్లు ఇదే పట్టుకొస్తన్నారు, అప్పటికే డ్రైవర్ తీసీసి మళ్లీ వేసీసుంటారు. ఆగండి బాబూ, ముందు డీమెస్గ్ (కెర్నల్ రాసే లాగ్) చూడండి.

అందులో "లాక్‌డౌన్" అని ఉంటే అది వేరే గొడవ, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేనిదాన్ని ఎక్కనివ్వని రక్షణ) ఆన్‌లో ఉంది, మాడ్యూల్‌కి సంతకం లేదు. మీ కీతో సైన్ చేసి ఆ కీని మోక్‌యుటిల్ (మన కీని నమ్మమని సెక్యూర్ బూట్‌కి చెప్పే టూల్)తో ఎక్కించండి, రీబూట్‌లో వచ్చే నీలం స్క్రీన్లో ఎన్‌రోల్ మోక్ నొక్కకుండా దాటేసి కీ ఎక్కలేదని నన్నడక్కండి.

"లోడ్‌పిన్: కెర్నల్-మాడ్యూల్ డినైడ్" అని ఫైల్ పాత్‌తో సహా ఉంటే ఫైల్లో తప్పేం లేదు, అది వచ్చిన చోటుతోనే పేచీ.

కారణం: లోడ్‌పిన్ అంటే లోడయ్యే ఫైళ్లు ఎక్కడ నుంచి వస్తన్నాయో చూసే కెర్నల్లోని కాపలా భాగం. అది క్రోమ్ ఓఎస్ వైపు నుంచి వచ్చింది, 2016లో 4.7తో మెయిన్ కెర్నల్లో చేరింది. కెర్నల్ మొట్టమొదట ఏ ఫైల్‌సిస్టమ్ నుంచి ఫైల్ తీసుకుంటే దాన్నే పట్టుకుని కూచుంటాది (దీన్నే పిన్ అంటారు), ఆనక మాడ్యూలైనా ఫర్మ్‌వేరైనా ఇంకోచోట నుంచి తెస్తే ఒప్పుకోదు. ఆ ఫైల్‌సిస్టమ్ డీఎం-వెరిటీ (డిస్క్‌లో ఏదీ మారలేదని చెక్ చేసే ఏర్పాటు) మీదున్న రీడ్-ఓన్లీదైతే ఒక్కో ఫైల్‌కీ సంతకం అక్కర్లేదు, మంచి ఆలోచనే గానీ మామూలు ల్యాప్‌టాప్‌లో తలనొప్పే.

అసలు ఇరుక్కునేది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్‌సిస్టమ్) దగ్గర. మొదటి మాడ్యూల్ దాన్నుంచి లోడైతే పిన్ కూడా దానికే పడిపోద్ది, అప్పుడింక మీ రూట్ డిస్క్‌లో (అసలు సిస్టమ్ ఉన్నచోట) ఉన్నవి కూడా పరాయివే అయిపోతాయి, ఒక్క పెన్‌డ్రైవే కాదు సౌండూ వైఫై అన్నీ పోతాయి. డీమెస్గ్‌లో "పిన్డ్" అన్న లైను ఏ ఫైల్‌ని చూపిస్తందో చూస్తే తెలిసిపోద్ది.

పరిష్కారం: పెన్‌డ్రైవ్ కేసైతే మాడ్యూల్‌ని రూట్‌లోని లిబ్ మాడ్యూల్స్ కింద మీ కెర్నల్ వెర్షన్ ఫోల్డర్లోకి కాపీ చేసి, డెప్‌మాడ్ (మాడ్యూళ్ల జాబితా కొత్తగా రాసే కమాండ్) కొట్టి మోడ్‌ప్రోబ్ (అక్కడ్నుంచి మాడ్యూల్ ఎక్కించే కమాండ్) చెయ్యండి. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ కేసైతే డిస్క్, ఫైల్‌సిస్టమ్ డ్రైవర్లని కెర్నల్లోనే బిల్ట్-ఇన్ చేసీండి, అక్కడ్నుంచి ఏదీ లోడవ్వాల్సిన పని ఉండదు. "యుమౌంట్ పిన్డ్ ఎఫ్ఎస్" అని కనిపిస్తే పిన్ పడిన ఫైల్‌సిస్టమ్‌నే ఎవరో అన్‌మౌంట్ చేశారు, రీబూట్ చెయ్యాల్సిందే.

ఇవన్నీ చేసినా తేలకపోతే బూట్ లైన్లో (బూటయ్యేటప్పుడు కెర్నల్‌కిచ్చే ఆప్షన్లలో) లోడ్‌పిన్.ఎన్‌ఫోర్స్=0 పెట్టి ఓసారి ఎక్కించండి. అప్పుడు ఆపదు, "పిన్నింగ్-ఇగ్నోర్డ్" అని ఒక్కో ఫైల్ పేరూ రాస్తాది. ఆ ఫైళ్లని రూట్‌లోకి మార్చేసి, ఆ ముక్క బూట్ లైన్లోంచి తీసీండి.