గుడిగంట నాదానికి 1.4 నిష్పత్తి

ఇంట్లో సింథసైజర్‌తో గంట శబ్దం చేయాలనుకునేవారు ఎఫ్ఎం (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్, అంటే ఒక తరంగంతో మరో తరంగపు ఫ్రీక్వెన్సీని ఊగించడం) పద్ధతినే పట్టుకోండి. రెండు ఆసిలేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు) చాలు. వినిపించేది 200 హెర్ట్జ్, దాన్ని కదిలించేది 280 హెర్ట్జ్. అంటే నిష్పత్తి 1.4. అక్కడ 2 పెడితే లోహపు గుణం పోతుంది. అమెరికన్ సంగీతకారుడు జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న ఈ పద్ధతి నాకు ఇప్పటికీ అద్భుతమే.

అసలు ప్రాణం ఎన్వలప్‌లో, అంటే శబ్దం కాలంతో పెరిగి తగ్గే తీరులో ఉంది. తిరుపతిలో మా మేడ మీదికి గోవిందరాజస్వామి గుడిగంట వినిపిస్తుంది. కొట్టిన క్షణంలో ‘ఖంగు’మని పదును, మరుక్షణమే అది తగ్గిపోయి చాలాసేపు సాగే గుమ్మని నాదం. అందుకే రెండో ఆసిలేటర్ డికే (తగ్గిపోయే సమయం) ఒక సెకను, మొదటిదానికి ఆరు సెకన్లు పెట్టండి. అటాక్ (పైకి లేచే సమయం) మాత్రం సున్నా. రివర్బ్ (ప్రతిధ్వని) చివర్లోనే, అదీ కొంచెమే. ముందే వేస్తే ఆ పదును చెవికి అందదు.