జనాభా లెక్కలు మనమే చదువుదాం – 3వ పాఠం: వయసుల పిరమిడ్ గీయడం

పోయిన పాఠంలో 70 లెక్క నేర్చుకున్నాం కదా, ఏడాదికి జనం ఎంత శాతం పెరుగుతున్నారో దాంతో 70ని భాగిస్తే ఎన్నేళ్ళకి డబుల్ అవుతారో వస్తుందని. హోంవర్క్‌గా ఇచ్చిన బెంగళూరు అర్బన్ జిల్లా లెక్క ముందు చూసేద్దాం. 2001లో 65 లక్షలు, 2011లో 96 లక్షలు, పదేళ్ళలో సుమారు 47 శాతం. ఇక్కడ 47ని పదితో భాగించి 4.7 అని రాసేస్తే తప్పు, ఎందుకంటే రెండో ఏడాది పెరుగుదల మొదటి ఏడాది పెరిగినవాళ్ళ మీద కూడా పడుతుంది, అచ్చం చక్రవడ్డీ లాగ. అసలు రేటు 3.9 దగ్గర వస్తుంది, 70ని దాంతో భాగిస్తే 18 ఏళ్ళు.

ఇంత స్పీడుగా పెరిగిన ఊళ్ళో కాన్పులు కూడా ఎక్కువే ఉంటాయనుకుంటాం. కానీ కర్ణాటకలో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 2.1కి దిగిపోయారు, 2019-21 సర్వేలో 1.7. వలసల సంగతి పక్కనపెడితే జనం తగ్గకుండా నిలబడాలంటే సుమారు 2.1 కావాలి. మరి బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర కనిపించే ఆ జనమంతా ఎక్కడినుంచి వచ్చారంటే, మనమే, మదనపల్లె నుంచి, అనంతపురం నుంచి, ఒడిశా నుంచి, బీహార్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళం. మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇది తెలీదు, అందుకే ఈ పాఠంలో వయసుల పిరమిడ్, అంటే ఏ వయసువాళ్ళు ఎంతమంది ఉన్నారో మెట్లు మెట్లుగా చూపే బొమ్మ.

గళ్ళ నోట్‌బుక్ తీసుకోండి. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత, ఎడమవైపు మగవాళ్ళు, కుడివైపు ఆడవాళ్ళు. కింద నుంచి పైకి ఐదేళ్ళకో మెట్టు, 0-4, 5-9, 10-14 అలా 80 పైన దాకా. ఒక మనిషికి ఒక గడి, మధ్య గీతకి ఆనించి బయటికి నింపుకుంటూ పోవాలి. మధ్యలో ఖాళీ గడి వదలకండి, ఆకారం పాడైపోతుంది.

నేను రెండు గీశాను. ఒకటి బెంగళూరు మారతహళ్ళిలో మేముండే బిల్డింగ్‌ది, అది నడుము దగ్గర ఉబ్బిపోయింది, అంతా 25-39 మధ్యవాళ్ళే, పైన 60 దాటిన గళ్ళు మూడంటే మూడు, ముగ్గురూ మనవళ్ళని చూసుకోడానికి ఊర్నించి వచ్చిన అమ్మమ్మలు నాయనమ్మలే. రెండోది మదనపల్లె దగ్గర మా ఊళ్ళో మా వీధిది, అమ్మకి ఫోన్ చేసి ఒక్కో ఇల్లు అడుగుతూ నింపాను. మూలింట్లో ఎవరుండారమ్మా అంటే "ముసలాయన ఒక్కడే ఉండాడు నాయనా, కొడుకూ కోడలూ మీ బెంగుళూరులోనే కదా", దాని పక్కిల్లు అంటే "తాళం వేసుండాది, పండక్కి వస్తారు". పదకొండిళ్ళు అయ్యేసరికి 0-4 మెట్టు మీద పడింది ఒకే ఒక్క గడి. దాన్ని పెన్సిల్‌తో నింపేటప్పుడు నాకు చెయ్యి ఆగిపోయింది, నేను చిన్నప్పుడు ఆ వీధిలో గోలీలాడడానికి చోటు కోసం కొట్టుకునేవాళ్ళం.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి, అక్కడ తగ్గిన నడుమే ఇక్కడ ఉబ్బిన నడుము అని కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఇదే చూపుతో దేశాల పిరమిడ్‌లు చదువుదాం.

ఆఫ్రికాలో ఉన్న నైజర్‌ది కింద బాగా వెడల్పు, పైకి పోయేకొద్దీ సూదిలాగ. ఒక్కో స్త్రీకి సుమారు ఆరుగురు పిల్లలు, దేశంలో దాదాపు సగం మంది 15 ఏళ్ళలోపు వాళ్ళు. నలుగురమ్మాయిల్లో ముగ్గురికి 18 నిండకుండానే పెళ్ళైపోతుంది, బడి తక్కువ, పుట్టిన పిల్లల్లో కొందరు దక్కరనే భయం కూడా ఉంటుంది కాబట్టి ఇంకొకర్ని కంటారు (మన తాతమ్మల కాలంలో మనిళ్ళల్లోనూ ఇదే లెక్క). దేశంలో ఎక్కువ భాగం సహారా ఎడారి, సాగయ్యే నేల దక్షిణాన ఒక పట్టీ అంతే, అన్నదమ్ములు పంచుకునేకొద్దీ అదే ముక్కలవుతుంది. ఏటా కొత్త తరగతి గదులూ, టీచర్లూ, నీళ్ళూ కావాలి, నిన్నటిది కట్టేలోపే ఇవాళ్టివాళ్ళు వచ్చేస్తారు.

దక్షిణ కొరియాది తిరగేసిన కుండ, అడుగు సన్నం. 2023లో ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 0.72. దీన్ని మనుషుల్లో చెప్పుకుందాం: వంద జంటలు, అంటే 200 మంది, వాళ్ళకి 72 మంది పిల్లలు. వాళ్ళల్లో ఆడపిల్లలు 36 మంది అనుకుని మళ్ళీ 0.72తో హెచ్చిస్తే మనవలు 26. రెండు తరాల్లో 200 నుంచి 26! సియోల్‌లో ఇళ్ళ ధరలు, ట్యూషన్ ఖర్చు, ఆఫీసుల్లో గంటలకొద్దీ పని, బిడ్డ పుడితే తల్లి ఉద్యోగానికి దెబ్బ, ఇవన్నీ కలిసి పెళ్ళే వద్దనిపిస్తున్నాయి. పల్లెల్లో ప్రైమరీ బళ్ళు మూతపడుతున్నాయి.

ఖతార్‌ది చూస్తే మా బిల్డింగే గుర్తొస్తుంది, కాకపోతే ఉబ్బంతా ఎడమవైపే, పదిమందిలో ఏడుగురికి పైగా మగవాళ్ళు. ఆ గళ్ళల్లో కరీంనగర్, కడప మనుషులు కూడా ఉన్నారు.

పిరమిడ్‌లో నొక్కులు కూడా చూడటం అలవాటు చేసుకోండి. జపాన్‌లో 1966లో పుట్టినవాళ్ళ దగ్గర కత్తితో కోసినట్టు ఒక గంటు ఉంటుంది. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల మొగుడికి అరిష్టం అని ఒక నమ్మకం, దాంతో ఒక్క ఏడాదికి కాన్పులు నాలుగో వంతు పడిపోయాయి.

ఇక డిపెండెన్సీ రేషియో, అంటే పనిచేసే వయసులో ఉన్న ప్రతి వందమంది మీదా ఆధారపడే పిల్లలూ పెద్దలూ ఎంతమందో చెప్పే అంకె. 0-14 వాళ్ళనీ 65 దాటినవాళ్ళనీ కూడి, 15-64 వాళ్ళతో భాగించి 100తో హెచ్చించాలి. జపాన్‌లో వందమందిలో పిల్లలు 11, పెద్దలు 29, మధ్యవాళ్ళు 60 అనుకుంటే 40ని 60తో భాగిస్తే 67 దగ్గర. నైజర్‌ది 100కి అటూ ఇటూ. అంకె ఒక్కటే చూసి నైజర్ జపాన్ కన్నా ఇబ్బందిలో ఉందనేయకండి, భాగహారంలో పైన వేసిన అంకెలో పిల్లలెంతమందో పెద్దలెంతమందో విడగొట్టి రాయాలి, పిల్లలైతే పదిహేనేళ్ళకి పనిలోకొస్తారు, జపాన్ పెద్దలకి పెన్షనూ ఆస్పత్రీ ఏటా పెరిగే ఖర్చు. నేను ఎప్పుడూ రెండూ విడివిడిగానే రాస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు 1.7కి దిగారు. ఇద్దరు పిల్లలు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన రూల్‌ని 2024లో తీసేశారు. ముప్ఫై ఏళ్ళల్లో జనం ఎక్కువైపోతారన్న భయం తగ్గిపోతారన్న భయంగా తిరిగింది.

హోంవర్క్: మీరుండే బిల్డింగో పీజీనో ఒకటి, మీ ఊరి వీధి ఒకటి, రెండు పిరమిడ్‌లు గీసి రెండిటికీ రేషియో కట్టండి. ఊరిది అమ్మనో పెద్దమ్మనో అడిగి ఇల్లిల్లూ రాసుకోండి, తాళం వేసిన ఇళ్ళని పక్కన విడిగా లెక్కపెట్టండి, వచ్చే పాఠంలో వలస లెక్క కట్టేటప్పుడు ఆ అంకె కావాలి.