బరువు తగ్గడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఎంత తగ్గించాలి, ఎక్కడ తగ్గించాలి

పోయిన పాఠంలో చెప్పినట్టు వారం రోజులు తిన్నదీ తాగినదీ రాసిపెట్టే ఉంటారు. ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి, ఈ పాఠమంతా దానితోనే పని. ఇంకా రాయనివాళ్లు చదవడం వరకు చదవండి, లెక్క మాత్రం రాశాకే వేయండి. గుర్తున్నదాన్ని బట్టి వేస్తే, నడుస్తూ నోట్లో వేసుకున్నవీ మిగిలిపోయాయని తినేసినవీ లెక్కలోకి రావు.

ముందు ఎంత తగ్గించాలో చూద్దాం. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి, అంటే ఒంటికి ఖర్చయ్యేదానికంటే లోపలికి వెళ్లేది అంత తక్కువ ఉండాలి. రోజుకు 500 చొప్పున లోటు పెడితే వారానికి 3,500, అంటే అరకిలోకి కాస్త తక్కువ. "నెలంతా కష్టపడితే రెండు కిలోలేనా?" అనిపిస్తుంది. అవును, అంతే. వారానికి అరకిలో, మరీ ఎక్కువ బరువున్నవాళ్లకు కిలో వరకు తగ్గితే క్షేమం. అంతకు మించి తొందరపడితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి చాలామందికి తెలియదు. బరువు వేగంగా పడిపోతున్నప్పుడు కాలేయం పైత్యరసంలోకి కొలెస్టరాల్ ఎక్కువగా వదులుతుంది. పూటలు మానేస్తే ఆ రసం నిల్వ ఉండే పిత్తాశయం (గాల్‌బ్లాడర్) సరిగా ఖాళీ అవ్వదు. ఈ రెండూ కలిసి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు.

మరి మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గామని చెప్పేవాళ్ల సంగతేమిటి? అందులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలోనూ కండరాల్లోనూ పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే ముందు ఈ నిల్వ ఖర్చవుతుంది, దాంతో నీరూ పోతుంది. మళ్లీ మామూలుగా తిన్న రెండు మూడు రోజులకే ఆ బరువు తిరిగొస్తుంది. అప్పుడు "నా ఒళ్లే అంత" అని వదిలేసేవాళ్లు ఎంతోమంది. వాళ్ల ఒంట్లో లోపమేమీ లేదు, వాళ్లకు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదంతే.

ఇక ఎక్కడ తగ్గించాలి. నోటుబుక్కులో నూనె, వెన్నలాంటి కొవ్వు పదార్థాలున్న చోటల్లా గీత గీయండి. గ్రాము పిండిపదార్థానికైనా ప్రోటీన్‌కైనా 4 కేలరీలు, కొవ్వుకు 9. నూనె ఆరోగ్యానికి మంచిదైనా కాకపోయినా ఈ లెక్క మారదు. ఈ రోజే ఒక పని చేయండి. వంటకు రోజూ పోసినట్టే సీసా వంచి, కాకపోతే బాణలిలో కాకుండా గిన్నెలో పోయండి. చేతి వాటం ఎంతో అంతే పోయాలి, జాగ్రత్త పడకూడదు. ఇప్పుడు దాన్ని 15 మిల్లీలీటర్ల కొలత చెంచాతో తోడి లెక్కపెట్టండి. రెండనుకున్నది నాలుగో ఐదో తేలితే ఆశ్చర్యపోకండి. ఒక్కో చెంచాకు దాదాపు 120 కేలరీలు. ఆ మొత్తాన్ని ఇంట్లో తినేవాళ్ల సంఖ్యతో భాగిస్తే మీ వాటా వస్తుంది. ఇకపై సీసాతో పోయడం మానేసి చెంచాతోనే కొలవండి.

తర్వాత తీపి పానీయాలు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో చాలావరకు 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అంటే 120 కేలరీలు. అది కడుపు నింపదు, తర్వాత తినే తిండినీ పెద్దగా తగ్గించదు. కోత పెట్టడానికి ఇంతకంటే సులువైన చోటు ఇంకోటి లేదు.

కోయకూడనివి కూడా ఉన్నాయి. పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, మాంసం, వీటిలో మీరు తినేవి ప్రతి పూటా ఉండాలి. కండను కాపాడేది ప్రోటీనే, ఆకలిని ఎక్కువసేపు ఆపేదీ అదే. పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ, పావు ధాన్యం, పావు ప్రోటీన్ ఉంటే చాలు, గ్రాముల తూకం అక్కర్లేదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్ని అడగాలి.

నడక సంగతి. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. అంటే ఒక చెంచా నూనె. అందుకే బరువు దించడంలో పెద్ద వాటా పళ్లెంలోని తిండిదే అని నా గట్టి అభిప్రాయం. అలాగని నడక మానొద్దు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండాలంటే అదే ఆసరా. గుండెకూ, షుగర్‌కూ, నిద్రకూ చేసే మేలు వేరే. వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎంత వేగంగా నడవాలి? పక్కనున్నవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇప్పటిదాకా నడక అలవాటు లేనివాళ్లు పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి డాక్టర్ని కలవండి.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. మీ వాటాలో చెంచా నూనె తగ్గింది, 120. ఒక కూల్‌డ్రింక్ మానేశారు, మరో 120. టీతో తినే చిన్న బిస్కెట్లు మూడు ఆపేశారు, ఇంకో 110 అనుకుందాం. పళ్లెం వైపు 350 అయింది. అరగంట నడకతో దాదాపు 500కి చేరింది. ఒక్క పూట భోజనం కూడా మానలేదు చూడండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లెక్క వేయకూడదు. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. మందు మోతాదు మార్చకుండా తిండి తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

ఈ వారం ఇంటిపని: నోటుబుక్కులోంచి మీకు మానడానికి బాధ లేనివి మూడు ఎంచుకోండి. ఇష్టమైనదాని జోలికి ఇప్పుడే పోవద్దు. రెండు వారాలు అలాగే నడిపించండి. వారానికి మూడుసార్లు, పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసి రాయండి. రోజుకీ రోజుకీ కిలో అటూ ఇటూ అవ్వడం మామూలే, టెన్షన్ పడకండి. ఆ మూడింటి సగటునే వారం వారం పోల్చండి. నడుము కొలత రెండు వారాలకోసారి చాలు. 4వ పాఠంలో కండకు పని చెప్పే వ్యాయామాలు చూద్దాం, దానికి కావలసింది ఒక గట్టి కుర్చీ, ఒక గోడ.