ఎవోక్డ్ పొటెన్షియల్ పరీక్షలో వేవ్ సరిగ్గా రాకపోతే

కంటికో చెవికో చేతి నరానికో ఉద్దీపన ఇస్తే మెదడులో పుట్టే విద్యుత్ స్పందన, అంటే ఎవోక్డ్ పొటెన్షియల్, చాలా చిన్నది. చెవి పరీక్ష ఏబీఆర్‌లో అది తరచు 1 మైక్రోవోల్ట్‌ కూడా ఉండదు. దాన్ని కప్పేసే ఈఈజీ (మెదడులో ఎప్పుడూ నడిచే విద్యుత్ సంకేతం) మాత్రం పదుల మైక్రోవోల్టులు ఉంటుంది. అందుకే వందలసార్లు ఉద్దీపన ఇచ్చి సగటు తీస్తాం. ఆ సగటులో తేడా కనిపిస్తే, నరం మీద నింద వేసే ముందు మన వైపు తప్పులు వెతకాలి. రిపోర్టులో "ఆలస్యం" అనే ఒక్క మాట రాస్తే అవతలి మనిషికి ఎంత టెన్షనో మర్చిపోకూడదు.

సమస్య: వేవ్ కనిపించదు, అంతా గజిబిజి

చాలాసార్లు కారణం మెడ, దవడ కండరాల బిగువు. స్వీప్‌లు (ఒక్కో ఉద్దీపనకు తీసే రికార్డింగులు) కాస్త పెంచితే సరిపోదు: నాలుగు రెట్లు పెంచితేనే గజిబిజి సగానికి తగ్గుతుంది. అంతకంటే మనిషిని పడుకోబెట్టి, మెడ కింద దిండు పెట్టి, నోరు కొద్దిగా వదులుగా ఉంచమనడం మేలు. ఏబీఆర్‌లో నిద్రపోయినా మంచిదే. కంటి పరీక్ష వీఈపీలో మాత్రం నిద్ర పనికిరాదు.

సమస్య: 50 హెర్ట్జ్ కరెంటు అల

నేను మొదట చూసేది ఇంపెడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య కరెంటుకు ఉండే అడ్డు. ప్రతి ఎలక్ట్రోడ్ దగ్గరా 5 కిలోఓమ్‌ల లోపు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, అన్నీ దాదాపు సమానంగా ఉండటం. ఒకటి 1, ఇంకొకటి 5 ఉంటే రెండింటికీ ఉమ్మడిగా వచ్చే కరెంటు రొదను యాంప్లిఫయర్ పూర్తిగా తీసేయలేదు. చర్మాన్ని మళ్లీ శుభ్రం చేసి, పేస్ట్ పెట్టి, గ్రౌండ్ ఊడలేదని చూసుకోండి. వైర్లన్నీ కలిపి మెలిపెట్టి, పవర్ కేబుళ్లకు దూరంగా ఉంచండి.

అయినా పోకపోతే ఉద్దీపన వేగం చూడండి. సెకనుకు సరిగ్గా 10 పెడితే ప్రతి స్వీప్ కరెంటు అలలో ఒకే చోట మొదలవుతుంది, ఎన్నిసార్లు సగటు తీసినా అల పోదు. 11.1 పెడితే వరుస స్వీప్‌లలో అల దాదాపు తలకిందులై, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. 50 హెర్ట్జ్‌ను కోసేసే నాచ్ ఫిల్టర్ జోలికి మాత్రం పోవద్దు. అది కల్పించే ఊగిసలాట నిజమైన వేవ్‌లా కనిపించి మోసం చేస్తుంది.

సమస్య: మొదట్లోనే పెద్ద ముల్లు

అది ఉద్దీపన ఆర్టిఫాక్ట్, అంటే ఉద్దీపన పరికరం నుంచే రికార్డింగులోకి దూరే కరెంటు, మెదడు స్పందన కాదు. ఏబీఆర్‌లో చెవికి వినిపించే క్లిక్ శబ్దం పోలారిటీని (ప్లస్, మైనస్ దిశను) మార్చి మార్చి ఇవ్వండి. చేతి నరం పరీక్షలో గ్రౌండ్‌ను ఉద్దీపన ఇచ్చే చోటికీ రికార్డింగ్ చోటికీ మధ్య పెట్టండి.

సమస్య: వేవ్ బాగానే ఉంది, ఆలస్యంగా వస్తోంది

వీఈపీలో పీ100 అనే ముఖ్యమైన వేవ్ దాదాపు 100 మిల్లీసెకన్లకు రావాలి. ఆలస్యమైతే మొదటి ప్రశ్న: కళ్లజోడు పెట్టుకున్నారా? మసక చూపు, స్క్రీన్ మీద నిలవని చూపు, వెలుగు తగ్గిన స్క్రీన్, ఇవన్నీ వేవ్‌ను వెనక్కి నెడతాయి. కొత్త మానిటర్ పెట్టాక అందరికీ ఒకే మోతాదులో ఆలస్యం వస్తుంటే అది మానిటర్ లాగ్. ఫొటోడయోడ్‌తో (వెలుగును పసిగట్టే చిన్న సెన్సర్‌తో) కొలిచి సరిదిద్దాలి.

చేతి నరం పరీక్షలో ఎన్20 అనే వేవ్ ఆలస్యమైతే చెయ్యి తాకి చూడండి. చల్లబడిన చేతిలో నరం నెమ్మదిస్తుంది, వెచ్చబరిచి మళ్లీ తీయండి. ఏబీఆర్‌లో అన్ని వేవ్‌లూ ఒకే మేర జరిగి, ఒకటో వేవ్ నుంచి ఐదో వేవ్ వరకు ఎడం మామూలుగానే, అంటే సుమారు 4 మిల్లీసెకన్లే ఉంటే, ఇయర్‌ఫోన్ ట్యూబ్ ఆలస్యాన్ని (ట్యూబ్‌లో శబ్దం ప్రయాణించే సమయాన్ని) తీసేశారో లేదో, చెవిలో గులిమి ఉందో చూడండి. ఆ ఎడమే పెరిగితే అప్పుడు నరం దారిని అనుమానించాలి.

సమస్య: వేవ్ ఉన్నట్టుంది, నమ్మకం కుదరదు

రెండుసార్లు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టండి. అవి కలవకపోతే కొలతలు రాయొద్దు. తర్వాత స్క్రీన్ కప్పేసి, లేదా ట్యూబ్ మూసేసి, మరోసారి తీయండి. అప్పుడూ అదే వేవ్ వస్తే, అది మెదడు స్పందన కాదు.