హార్డ్‌కోర్ పంక్ వినడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఒకే గొంతు, మూడు రికార్డులు

పోయిన పాఠంలో రికార్డు కవర్ వెనక ఉండే చిన్న అక్షరాలను చదవడం నేర్చుకున్నాం. ఎవరు వాయించారు, ఏ స్టూడియో, ఏ ఏడాది, ఎన్ని పాటలు. ఆ వివరాలు రాసుకున్న నోటుపుస్తకం పక్కన పెట్టుకోండి. ఈసారి రెండు లేబుళ్లను (రికార్డు కంపెనీలను) ఎలా పోల్చాలో, ఒక కాలాన్ని ఇంకో కాలంతో ఎలా పోల్చాలో చూద్దాం.

పంక్ రాక్‌లో వేగం, అరుపు పెంచిన ఈ హార్డ్‌కోర్‌ను కొత్తగా వినేవాళ్లు చాలామంది ఒకే మాట దగ్గర ఆగిపోతారు. "వాషింగ్టన్‌లోని డిస్కార్డ్ అంటే స్పీడు, కాలిఫోర్నియాలోని ఎస్ఎస్‌టీ అంటే బరువు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఈ మాట నిలబడదు. ఎస్ఎస్‌టీ తొలి రికార్డు 1979లో వచ్చిన బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండ్ ఈపీ, అంటే కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు. అందులో నాలుగు పాటలున్నాయి, అన్నీ కలిపితే ఐదు నిమిషాల పైచిలుకు. అందులో స్పీడు లేదని ఎవరంటారు? అలాగే డిస్కార్డ్ 1985లో వేసిన రికార్డులు విన్నవాళ్లు ఆ లేబుల్‌ను ఉత్త స్పీడుతో గుర్తుపట్టలేరు. మరి ఆ మాటలో తప్పెక్కడుంది? ఒక లేబుల్‌ను 1981లో విని, ఇంకో లేబుల్‌ను 1984లో విని, కనబడిన తేడా మొత్తాన్ని లేబుల్ ఖాతాలో రాసేశారు. కూరలో ఉప్పూ కారం రెండూ ఒకేసారి మార్చేస్తే రుచి దేనివల్ల మారిందో చెప్పలేం కదా.

కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవాల్సిన పని ఒక్కటే. పోల్చేటప్పుడు ఏదో ఒకదాన్ని కదలకుండా పట్టుకోవాలి. మనం ఒక గొంతును పట్టుకుందాం.

ఆ గొంతు హెన్రీ రోలిన్స్‌ది. 1981 మొదట్లో అతని పేరు ఇంకా హెన్రీ గార్‌ఫీల్డ్. వాషింగ్టన్ జార్జ్‌టౌన్ ప్రాంతంలో ఒక ఐస్‌క్రీమ్ షాపులో పనిచేస్తూ, స్టేట్ ఆఫ్ అలర్ట్ అనే బ్యాండ్‌లో పాడేవాడు. ఆ బ్యాండ్ రికార్డు "నో పాలసీ". డిస్కార్డ్ జాబితాలో అది రెండో నంబరు. పది పాటలు ఉన్నాయి, మొత్తం కలిపి పది నిమిషాలు కూడా లేవు. ఖర్చు పెట్టుకున్నది హెన్రీయే, ఐస్‌క్రీమ్ షాపు జీతంలో దాచుకున్న డబ్బుతో.

ఆ ఏడాదే న్యూయార్క్‌లో బ్లాక్ ఫ్లాగ్ షో చూడ్డానికి వెళ్లాడు. తెల్లారేసరికి వాషింగ్టన్ తిరిగొచ్చి డ్యూటీ ఎక్కాలి. పనికి వెళ్లే మనిషి మీద వాళ్లకు ఒక పాట ఉంది, అది వాయించమని అడిగాడు. వాళ్లు మొదలుపెట్టగానే తనే స్టేజీ ఎక్కి పాడేశాడు. తర్వాత కొద్ది రోజులకు ఆ బ్యాండ్ వాళ్లు ఆడిషన్‌కు పిలిచారు. ఉద్యోగం, ఊరు రెండూ వదిలేసి కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. ఈ కథ నాకు చాలా ఇష్టం. పైగా మన పాఠానికి కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది. ఒకే ఏడాదిలో, ఒకే గొంతు, రెండు లేబుళ్ల మీద వినిపిస్తుంది.

మూడు రికార్డులు తీసుకోండి. "నో పాలసీ", 1981, డిస్కార్డ్. బ్లాక్ ఫ్లాగ్ "డ్యామేజ్డ్", 1981, ఎస్ఎస్‌టీ. బ్లాక్ ఫ్లాగ్ "మై వార్", 1984, ఎస్ఎస్‌టీ. మొదటి రెండింటికీ గొంతు ఒకటే, ఏడాది ఒకటే. బ్యాండూ లేబులూ మారాయి. చివరి రెండింటికీ గొంతు, బ్యాండు, లేబుల్ ఒకటే, కాలం మారింది. ఇప్పుడు ఏ తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి దారి దొరికింది.

ముందు మొదటి జంట

గడియారం చూస్తూ వినండి. "నో పాలసీ"లో ఒక పాట మొదలై, అర్థమయ్యేలోపే అయిపోతుంది. గిటార్ ఒక్కటే, గొంతు దాదాపు మాటల్లేని అరుపు. గది చిన్నదని చెవికి తెలుస్తుంది. నిజంగానే చిన్నది. ఇన్నర్ ఇయర్ అనే ఆ స్టూడియో వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా ఇంట్లో ఉండేది.

డిస్కార్డ్ అప్పటికి లేబుల్ అని చెప్పుకోదగ్గంత పెద్దది కాదు. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్ 1980లో విడిపోతున్నప్పుడు, షోల మీద వచ్చిన డబ్బు సుమారు 600 డాలర్లు ఒక డబ్బాలో దాచి ఉంది. పంచుకుంటే తలా కొంత వస్తుంది. పంచుకోకుండా దాంతో రికార్డు వేశారు. అదే డిస్కార్డ్ ఒకటో నంబరు, వెయ్యి కాపీలు. ఆ బ్యాండ్‌లోని ఇయన్ మకాయ్, జెఫ్ నెల్సన్‌లే ఆ తర్వాత లేబుల్‌ను నడిపారు. కవర్ చేయడం వాళ్లెవరికీ రాదు. జెఫ్ నెల్సన్ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక సింగిల్ కవర్‌ను అతుకులు ఊడదీసి, బల్ల మీద పరిచి, దాని ఆకారం చూసి తమ కవర్‌కు అచ్చు గీశాడు. ప్రింటర్ దగ్గర్నుంచి పెద్ద కాగితాలు వచ్చాయి. స్నేహితులంతా కూర్చుని కత్తెరలతో కత్తిరించి, మడతపెట్టి, జిగురు పూశారు. వెయ్యి కవర్లూ చేత్తోనే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "నో పాలసీ" పొట్టిగా, గబగబా ఉండటానికీ ఈ కత్తెరలకూ సంబంధం ఉంది. సొంత జీతంతో, స్నేహితుడి లేబుల్ మీద, ఊళ్లోవాళ్లకోసం వేసుకున్న రికార్డు అది. స్టూడియోలో గంటలు లెక్కపెట్టుకోవాలి. చిన్న ప్లేటు మీద ఒక్కో వైపు ఐదు నిమిషాల్లోపు సరిపెట్టుకోవాలి. ఈ రికార్డు పాటల మీద అమ్మకాల ఆశ ఎక్కడా వినబడదు, తొందర మాత్రం వినబడుతుంది.

ఇక "డ్యామేజ్డ్" పెట్టండి. అదే గొంతు, కొన్ని నెలల తేడా. ఇప్పుడు రెండు గిటార్లు: గ్రెగ్ గిన్, డెజ్ కడీనా. శబ్దం మందంగా ఉంటుంది. అరుపులో మాటలు తెలుస్తాయి, ఎవరిమీదో కాకుండా తనమీద తనే అరుచుకుంటున్నట్టు ఉంటుంది. పదిహేను పాటల ఎల్పీ, అంటే పెద్ద ప్లేటు ఇది. చివరి పాట దగ్గర ఆగి రెండోసారి వినండి. వేగం పడిపోయి, దాదాపు నాలుగు నిమిషాలు ఈడుస్తుంది. దీన్ని నోటుపుస్తకంలో రాసుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఎస్ఎస్‌టీ పుట్టుక వేరు. గ్రెగ్ గిన్ చిన్నప్పటినుంచీ హామ్ రేడియో (సరదాకోసం నడిపే సొంత రేడియో) పరికరాలు తయారుచేసి అమ్మేవాడు. సాలిడ్ స్టేట్ ట్యూనర్స్ అని ఆ వ్యాపారం పేరు, ఆ పొడి అక్షరాలే ఎస్ఎస్‌టీ. తన బ్యాండ్ పాటలు వేస్తామన్న ఇంకో లేబుల్ నెలల తరబడి ఆలస్యం చేస్తే, విసిగి తన వ్యాపారాన్నే రికార్డు కంపెనీ చేశాడు. ఆర్డర్లు తీసుకోవడం, పార్సిళ్లు పంపడం, ప్రకటనలు ఇవ్వడం అతనికి ముందే తెలుసు. డిస్కార్డ్ తన ఊరి బ్యాండ్లకే పరిమితం కాగా, ఎస్ఎస్‌టీ అరిజోనా నుంచి మీట్ పపెట్స్‌ను, మినియాపోలిస్ నుంచి హస్కర్ డూను తెచ్చుకుంది. దేశమంతా తిరిగే బ్యాండ్ వెనక దేశమంతా అమ్మాలనుకునే లేబుల్ ఉంది. ఎల్పీ వేయాలనే ఆలోచన, రెండు గిటార్ల మందం, బ్యాండ్ పోస్టర్లకూ కవర్లకూ గిన్ తమ్ముడు రేమండ్ పెటిబోన్ గీసిన బొమ్మలు, అన్నీ ఆ వైపు నుంచే వచ్చాయి. ఇదీ లేబుల్ తేడా.

ఇక రెండో జంట

"మై వార్" మొదటి వైపు మామూలుగానే పరిగెడుతుంది. ప్లేటు తిప్పండి. ఆన్‌లైన్లో వింటుంటే ఏడో పాట నుంచి మొదలుపెట్టండి. మూడే పాటలు ఉంటాయి, ఒక్కోటీ ఆరు నిమిషాలు దాటుతుంది.

ఇక్కడ డ్రమ్స్ మీద మాత్రమే దృష్టి పెట్టండి. బిల్ స్టీవెన్సన్ వాయిస్తున్నాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉన్న ఖాళీని వేళ్లతో బల్ల మీద కొలవండి. "నో పాలసీ" దగ్గర మీ వేలు అందుకోలేకపోయింది, ఇక్కడ మీ వేలే ముందు పడిపోతుంది, డ్రమ్ ఇంకా రాదు. ఆ వేచి ఉండటమే ఈ పాటల బలం. గిటార్ బురదలో కాళ్లీడుస్తూ నడుస్తున్నట్టు వస్తుంది. గొంతు మొదట్లో మాట్లాడినట్టే ఉండి, ఎక్కడో తెగిపోతుంది. నాకు ఈ వైపు పట్టుబడడానికి చాలా రోజులు పట్టింది. పట్టుబడ్డాక మాత్రం మొదటి వైపుకు తిరిగి వెళ్లడం తగ్గిపోయింది.

అప్పట్లో స్పీడు కోసం వచ్చిన అభిమానులు చాలామందికి ఇది మింగుడుపడలేదు. మరి మూడేళ్లలో ఇంత మార్పు ఎందుకు? లేబుల్ అదే. గొంతు అదే. కవర్ వెనక వివరాలు చూడండి. డెజ్ కడీనా లేడు. బేస్ వాయించింది డేల్ నిక్సన్ అని ఉంటుంది, కానీ అలాంటి మనిషి లేడు. గ్రెగ్ గిన్ తనే బేస్ వాయించి ఆ పేరు పెట్టుకున్నాడు. అంటే తీగల శబ్దమంతా ఒక్క మనిషి చేతిలోంచి వచ్చింది, ఆ నడక అతని నడక.

ఇంకో కారణం కోర్టు. "డ్యామేజ్డ్"ను యూనికార్న్ అనే కంపెనీతో కలిసి, ఎంసీఏ అనే పెద్ద రికార్డు కంపెనీ పంపిణీలో బయటకు తేవాలనుకున్నారు. ఎంసీఏ పెద్ద ఒకాయన విని, ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు అన్నాడు, పంపిణీకి ఒప్పుకోలేదు. బ్యాండ్ వాళ్లు ఆ మాటనే స్టిక్కర్‌గా అచ్చువేయించి, కవర్ మీది ఎంసీఏ గుర్తు కనబడకుండా అంటించారు. తర్వాత యూనికార్న్‌తో కేసు నడిచింది. బ్లాక్ ఫ్లాగ్ పేరుతో కొత్త రికార్డు వేయకూడదని కోర్టు ఆపేసింది. పాత రికార్డింగులను కవర్ మీద బ్యాండ్ పేరు లేకుండా విడుదల చేసినందుకు గిన్, "డ్యామేజ్డ్"లో బేస్ వాయించిన చక్ డుకౌస్కీ ఐదు రోజులు జైల్లో ఉన్నారు. 1983 చివర్లో యూనికార్న్ దివాలా తీశాకగానీ ఆ ముడి వీడలేదు. రికార్డు వేయలేని ఆ కాలంలో బ్యాండ్ రిహార్సల్ గదిని వదల్లేదు, పాటలు పేరుకుపోయాయి. 1984 ఒక్క ఏడాదిలో "మై వార్", "ఫ్యామిలీ మ్యాన్", "స్లిప్ ఇట్ ఇన్" మూడూ వచ్చాయి. ఇందాక రాసుకున్న "డ్యామేజ్డ్" చివరి పాట గుర్తుందా? ఆ నిదానం 1981లోనే మొలకెత్తింది, మూసిన గదిలో పెరిగి పెద్దదైంది.

మరి ఇది బ్లాక్ ఫ్లాగ్ ఇంటి గొడవేనా, కాలమే మారిందా? దీనికి ఇంకో పరీక్ష ఉంది, ఈసారి గదిని పట్టుకోవాలి. ఇన్నర్ ఇయర్‌లోనే, అదే డిస్కార్డ్ కోసం, 1985లో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఎల్పీ తయారైంది. దాని రికార్డింగ్ చూసుకున్నది ఇయన్ మకాయ్. "నో పాలసీ" వినగానే ఇది పెట్టండి. వేగం పూర్తిగా పోలేదు. కానీ గై పిచియోటో గొంతులో కోపం కంటే దుఃఖం ఎక్కువ. గిటార్లో రాగం వచ్చింది. అప్పటికి మకాయ్, నెల్సన్‌ల తర్వాతి బ్యాండ్ మైనర్ థ్రెట్ 1983లోనే ఆగిపోయింది, షోలలో కొట్లాటలు ఎక్కువై పాతవాళ్లు విసిగిపోయారు. 1985 వేసవిలో కొత్త బ్యాండ్లతో మళ్లీ మొదలుపెట్టారు, ఆ వేసవిని ఇప్పటికీ విప్లవ వేసవి అని పిలుస్తారు.

రెండు ఊళ్లలోనూ 1984, 85 నాటికి ఉత్త స్పీడు చాలదని అనిపించింది. అది కాలం చేసిన పని. ఒకచోట అది నిదానంగా, బరువుగా తిరిగింది, ఇంకోచోట రాగం వైపు, సొంత బాధ వైపు తిరిగింది. ఆ మలుపు ఎటు తిరగాలో మాత్రం ఆ లేబుల్ చుట్టూ ఉన్న మనుషులు తేల్చారు.

డబ్బు సంగతి ఇక్కడ క్లుప్తంగా చెబుతాను, ఐదో పాఠంలో వివరంగా చూద్దాం. డిస్కార్డ్ బ్యాండ్లతో కాగితం మీద ఒప్పందాలు రాసుకోలేదు. ఖర్చులు పోగా మిగిలింది పంచుకునేవాళ్లు. ఎస్ఎస్‌టీ బ్యాండ్లు కొన్ని తర్వాతి ఏళ్లలో తమకు రావాల్సిన డబ్బు కోసం, రికార్డుల హక్కుల కోసం ఆ లేబుల్‌తో తగువుపడ్డాయి. నా అభిమానం ఎటువైపో దాచుకోను, డిస్కార్డ్ పద్ధతే నాకు నచ్చుతుంది. కానీ 1984లో అంత ధైర్యంగా రికార్డులు వేసిన లేబుల్ ఎస్ఎస్‌టీయే. జులై నెల ఒక్కదాంట్లో మినిట్‌మెన్, హస్కర్ డూల రెండు డబుల్ ఆల్బమ్‌లు తెచ్చింది. రెండూ నిజాలే, రెండూ మీ నోటుపుస్తకంలో ఉండాలి.

ఈ వారం అభ్యాసం

మూడు రికార్డులనూ మూడేసి సార్లు వినండి. మొదటిసారి గడియారం మాత్రం చూడండి, ప్రతి పాట నిడివి రాసుకోండి. రెండోసారి గొంతు ఒక్కటే. మూడోసారి డ్రమ్స్ ఒక్కటే, బల్ల మీద వేలితో. ఆ తర్వాతే కవర్ వెనక వివరాలు చదవండి.

చివర్లో ఒక్క వాక్యం రాయండి. అందులో "ఎందుకంటే" అనే మాట ఉండి తీరాలి. "మై వార్ స్లోగా ఉంది" అని రాస్తే అది విన్నది రాయడం మాత్రమే. "మై వార్ రెండో వైపు పాటలన్నీ ఒకే నడకలో సాగుతాయి, ఎందుకంటే గిటారూ బేసూ రెండూ వాయించింది ఒక్కడే" అని రాస్తే అది పోల్చడం, ఎవరైనా సరిచూసుకోవచ్చు కూడా. "ఎందుకంటే" తర్వాత మీ దగ్గర ఏమీ లేకపోతే ఇంకోసారి వినండి, వాక్యాన్ని మాత్రం లాగకండి.

వచ్చే పాఠానికి గొంతును వదిలేసి ఏడాదిని పట్టుకుందాం. 1987కు వెళదాం: కనెటికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో రే కాపో, జోర్డన్ కూపర్ మొదలుపెట్టిన రెవెలేషన్ రికార్డ్స్, అదే ఏడాది వాషింగ్టన్‌లో తొలి షో చేసిన ఫుగాజీ బ్యాండ్. ముందుగా రెవెలేషన్ రెండో నంబరు రికార్డు, న్యూయార్క్ బ్యాండ్ల సంకలనం "టుగెదర్", ఒకసారి విని ఉంచండి. గడియారం మరచిపోవద్దు.