షాపులో కస్టమర్ దాడి వీడియో వైరలైతే ఏం చేయాలి

సేల్స్ కుర్రాడి చొక్కా పట్టుకుని కౌంటర్ మీదికి లాగిన కస్టమర్ వీడియో అరనిమిషం కూడా ఉండదు. సాయంత్రానికల్లా ఊళ్లో ప్రతి వాట్సాప్ గ్రూపులోకీ చేరిపోతుంది. అందులో కొట్టడం కనిపిస్తుంది తప్ప ఎందుకు కొట్టాడో కనిపించదు. ఆ ఖాళీని జనం తలో కారణంతో నింపేస్తారు. తాగొచ్చాడని ఒకరు, పాత బాకీ అని ఇంకొకరు, షాపువాళ్లే ముందు బూతులు తిట్టారని మరొకరు. రాత్రికి కులం పేరు కూడా తోడవుతుంది. ఈ ఊహలకు అడ్డుకట్ట వేయగలిగేది గొడవకు ముందూ తర్వాతా ఉన్న పూర్తి ఫుటేజీ. చాలా షాపులు ముందుగా పోగొట్టుకునేది కూడా దాన్నే.

గాయం, పగిలిన సామాను

దాడి జరుగుతుండగానే 112కి, దెబ్బ గట్టిగా తగిలితే 108కి ఫోన్ చేయండి. గాయం చిన్నదే అనిపించినా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నమోదు) రాయించండి. పక్క వీధి ఆర్‌ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఊరుకుంటే కేసు అక్కడే నీరుగారిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికొచ్చే మామూలు దెబ్బలకు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఎముక విరిగితే 117(2), కత్తితోనో ప్రమాదకరమైన ఇంకో వస్తువుతోనో కొడితే 118(1) వర్తిస్తాయి. వీటికి ఆ అనుమతి అక్కర్లేదు. ఏ సెక్షన్ పడుతుందన్నది చాలావరకు డాక్టరు రాసే గాయాల సర్టిఫికెట్ మీదే ఆధారపడుతుంది.

గాజుపెంకులు ఊడ్చేయకముందే ఫోటోలు తీయండి. ఆస్తి నష్టానికి 324వ సెక్షన్ ఉంది. నష్టం 20,000 రూపాయలకు చేరితే ఒక శిక్ష, లక్షకు చేరితే అంతకంటే పెద్ద శిక్ష. అందుకే పగిలిన ప్రతి వస్తువుకూ కొనుగోలు బిల్లు జతచేయాలి. "ఓ యాభై వేలు పోయుంటుంది" అన్న నోటిలెక్క నిలబడదు.

డీవీఆర్ దగ్గర జరిగే పొరపాట్లు

డిస్కు నిండగానే డీవీఆర్, అంటే సీసీ కెమెరాల వీడియోను దాచే పెట్టె, పాత రికార్డింగు మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ వేగంతో రికార్డు చేస్తుంటే రోజుకు దాదాపు 21.6 జీబీ పడుతుంది. నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కు పదకొండు రోజులకు మించి రాదు. ఒకేసారి వందమంది గానీ రోజుకు 500 మంది గానీ వచ్చే షాపులైతే 2013 నాటి ప్రజా భద్రతా చట్టం కింద 30 రోజుల ఫుటేజీ ఎలాగూ ఉంచాలి. చిన్న షాపులకు ఆ నిబంధన లేకపోయినా బ్యాకప్ అదే రోజు తీసేయాలి. పోలీసులు వచ్చి అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటే చేతికేమీ మిగలదు.

గొడవకు అరగంట ముందు నుంచి అరగంట తర్వాత వరకు, గుమ్మం బయటి కెమెరాతో సహా అన్ని కెమెరాలదీ తీయండి. డీవీఆర్ సొంత ఫార్మాట్‌లో ఒక కాపీ, ఎంపీ4లో మరో కాపీ ఉండాలి. తెరను ఫోన్‌తో షూట్ చేసిన వీడియోను అసలు ఫుటేజీగా చూపించుకోలేరు. వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపితే నాణ్యత పడిపోతుంది, కాబట్టి పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి.

డీవీఆర్ గడియారాన్ని ఫోన్ టైముతో పోల్చి ఒకే ఫోటోలో రెండూ పడేలా తీసుకోండి. ఏడు నిమిషాల తేడా ఉంటే ఉన్నట్టే రాసిపెట్టండి. అప్పటికప్పుడు సరిచేయడానికి సెట్టింగుల్లోకి వెళ్లకండి, ఫుటేజీని తారుమారు చేశారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే మోషన్ రికార్డింగు పెట్టుకున్న షాపుల్లో మధ్యమధ్యలో సెకన్లు ఎగిరిపోతాయి. చూసేవాళ్లకు అది కత్తిరించినట్టే ఉంటుంది. మీది మోషన్ మోడ్ అయితే ఆ సంగతి ఫిర్యాదులోనే చెప్పండి.

కోర్టులో కాపీ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద సర్టిఫికెట్ కావాలి. దాని 'ఎ' భాగంలో ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, 'బి' భాగంలో నిపుణుడు సంతకం చేస్తారు. ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి, అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలు కాస్త మారినా మారిపోతుంది. విండోస్‌లో ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్‌ఏ 256 విలువ తీస్తే 64 అక్షరాల వరుస వస్తుంది. కాపీ తీసిన రోజే దాన్ని నోట్ చేసుకోండి. డీవీఆర్‌నే పోలీసులు తీసుకెళ్తే పంచనామా నకలు అడిగి తీసుకోండి.

చాలా షాపుల కెమెరాల్లో మైకు ఉండదు. ఎవరు ముందు ఏమన్నారన్నదే వీధిలో పెద్ద చర్చ అవుతుంది, దానికి వీడియోలో జవాబు దొరకదు. అక్కడున్న ప్రతి ఒక్కరూ విన్న మాటలను విన్నట్టుగానే, విడివిడిగా, అదే రాత్రి కాగితం మీద రాయాలి. అందరూ కూర్చుని మాట్లాడుకున్నాక రాస్తే అందరి కథా ఒకేలా ఉంటుంది, విలువ పోతుంది. మీ కుర్రాడు కూడా మాట తూలి ఉంటే అదీ రాయించండి. దాచినది మూడోరోజు బయటపడితే మిగతా నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఫిర్యాదులో కోపానికి కారణం ఊహించి రాయొద్దు. టైము, స్థలం, చేసిన పని, అన్న మాట చాలు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం.

జనానికి ఏం చెప్పాలి

ఒకే ఒక్క ప్రకటన, ఒకరి పేరుతో. ఇలా సరిపోతుంది: "ఫలానా తేదీ సాయంత్రం 7 గంటల ప్రాంతంలో మా షాపులో ఒక కస్టమర్ మా సిబ్బందిపై చేయిచేసుకున్నారు. గాయపడిన అబ్బాయికి చికిత్స జరుగుతోంది. పోలీసులకు ఫిర్యాదు చేసి పూర్తి ఫుటేజీ ఇచ్చాం. కారణం గురించి ప్రచారంలో ఉన్న మాటలు మేం చెప్పినవి కావు. దయచేసి ఎవరి పేరూ ఫోటో పెట్టకండి." "తాగి ఉన్నాడు" అని మీరు రాస్తే, పరీక్షలో అది తేలకపోతే, పరువునష్టం నోటీసు మీకే వస్తుంది. "మెంటల్" అని రాయడం అంతకంటే ఘోరం. నిజంగానే జబ్బు ఉన్న మనిషైతే ఆ కుటుంబం ఊళ్లో తలెత్తుకోలేదు. వాళ్లవాళ్లు మీ దగ్గరికొస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి.

యూపీఐలో కనిపించిన పేరు, బిల్లు మీది ఫోన్ నంబరు, బయటి కెమెరాలో పడ్డ బండి నంబరు పోలీసులకే ఇవ్వాలి. ఆ యూపీఐ అతని బావమరిదిది కావచ్చు, బండి స్నేహితుడిది కావచ్చు. 2024 ఏప్రిల్ 13న సిడ్నీ బాండీ జంక్షన్ మాల్‌లో ఆరుగురిని పొడిచి చంపిన ఘటనలో, ఏ సంబంధమూ లేని ఒక విద్యార్థి పేరును సోషల్ మీడియా హంతకుడిగా ప్రచారం చేసింది. ఒక టీవీ ఛానల్ కూడా అదే పేరు చెప్పేసింది. ఫుటేజీలో పిల్లలు ఉంటే బయట పెట్టనే కూడదు, సాక్షులైన పిల్లల గుర్తింపు వెల్లడించడాన్ని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది.

కామెంట్లలో వాదనకు దిగకండి. పుకారు ఏ గ్రూపులో పుట్టిందో అదే గ్రూపులో, అడ్మిన్‌తో మాట్లాడి, జనానికి తెలిసిన గొంతుతో వాయిస్ మెసేజ్ పెట్టించండి. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారన్న వాట్సాప్ పుకార్లను జోగులాంబ గద్వాల పోలీసులు ఊరూరా జానపద కళాకారులతో పాడించి ఎదుర్కొన్నారు. అయితే మాట కులం, మతం వైపు మళ్లితే మాత్రం వాయిస్ మెసేజ్‌తో ఆగకూడదు. స్క్రీన్‌షాట్‌లో తేదీ, టైము పడాలి. ప్రొఫైల్ పేరు ఎప్పుడైనా మార్చేయొచ్చు కాబట్టి పోస్టు లింకు, గ్రూపులో కనిపించే ఫోన్ నంబరు కూడా రాసుకుని ఆ గంటలోనే స్టేషన్‌కు తీసుకెళ్లండి.