నిలకడ పాఠాలు – 3: నిలబడి ఉన్నప్పుడు మెదడు ఏం చేస్తోంది?

పోయిన వారం ఇచ్చిన అభ్యాసం చేశారు కదా? రెండు పాదాలు దగ్గరగా పెట్టి పది సెకన్లు, తర్వాత ఒక పాదం సగం ముందుకు జరిపి ఇంకో పది సెకన్లు. అవి ఇంకా కుదరకపోతే ఈ పాఠం చదివి పక్కన పెట్టుకోండి, అభ్యాసం మాత్రం పాతదే కొనసాగించండి. ఇందులో తొందర పనికిరాదు.

తిరుపతి కొర్లగుంటలో మా పాత ఇంటి గడప ఎత్తు. మా అవ్వకు అప్పటికి డెబ్బై దాటింది. ఆ ఏడాదే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కింది, మెట్టు మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ. ఎక్కడా కాలు తడబడలేదు. అలాంటి మనిషి ఒక సాయంత్రం గడప మీద నిలబడి ఒక కాలు చెప్పులో పెట్టబోతుంటే, లోపల్నుంచి నేను "మాత్ర ఏసుకున్నావా అవ్వా?" అని అరిచాను. "ఏసుకుంటి..." అంటూనే పక్కకు ఒరిగిపోయింది. మణికట్టు విరిగింది.

కళ్లద్దాలు మార్చాం, చెప్పులు మార్చాం. నా ప్రశ్న గురించి మాత్రం చాలాకాలం ఎవరమూ ఆలోచించలేదు. అవ్వే ఒకరోజు చెప్పింది: "కాలెత్తేటప్పుడు నన్ను పలకరించబాకు నాయనా, కాలు నా మాట ఇనదు." ఈ పాఠమంతా ఆ మాటలోనే ఉంది.

నిటారుగా నిలబడ్డ మనిషి ఎప్పుడూ కదలకుండా ఉండడు. గాలికి తాటిచెట్టు ఊగినట్టు ముందుకూ వెనక్కూ కాస్త కాస్త ఊగుతూనే ఉంటాడు. ఆ ఊగును కళ్లు, లోపలి చెవి, పాదాలూ చీలమండలూ కనిపెట్టి కబురు పంపుతాయి (మొదటి పాఠంలో చూశాం). ఆ కబుర్లను కలిపి చూసుకుని, ఏ కండరం బిగించాలో తేల్చేది మెదడు. వయసులో ఉన్నప్పుడు ఈ పని ఎక్కువగా మెదడు అడుగు భాగాలైన మెదడు కాండంలో, చిన్నమెదడులో మనకు తెలియకుండానే సాగిపోతుంది. అందుకే పడుచువాళ్లు ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కుంటూ ఫోన్ మాట్లాడగలరు.

వయసు పైబడేకొద్దీ కబుర్లు పలచబడతాయి. లోపలి చెవిలోని సన్నటి రోమకణాలు తగ్గుతాయి, పాదం నుంచి వచ్చే నరాల వేగం మందగిస్తుంది, మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే తీగలూ అరుగుతాయి. ఇంకొకటి కూడా జరుగుతుంది, దాన్ని చాలామంది గమనించరు. కరెంటు పోయిందనుకోండి. పడుచు మెదడు వెంటనే కళ్లను వదిలి పాదాల కబురు మీద ఆధారపడుతుంది. పెద్దవయసు మెదడుకు ఆ మార్పుకు కొంత సమయం పడుతుంది. ఆ కాస్త సమయంలోనే పడిపోతారు. స్నానాల గదిలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడూ ఇదే జరుగుతుంది. ఆ సమయంలో ఒక చెయ్యి గోడ మీద ఉండాల్సిందే.

ఈ లోటు పూడ్చడానికి నుదుటి వెనకున్న మెదడు రంగంలోకి దిగుతుంది. ఆలోచించడం, లెక్క వేసుకోవడం, జవాబు చెప్పడం దాని పనులు. ఇప్పుడు నిలబెట్టే పని కూడా దాని నెత్తినే పడింది. తనంతట తాను జరిగిపోయే పని ధ్యాస పెట్టి చేసే పనిగా మారింది. ధ్యాస ఒక్కటే, పనులు రెండు. మెట్ల మీద అవ్వ ధ్యాసంతా కాలి కిందే ఉంది కాబట్టి 3,550 మెట్లూ ఎక్కగలిగింది. గడప మీద ఆ ధ్యాసను నేను లాగేసుకున్నాను.

1997లో స్వీడన్ పరిశోధకులు వృద్ధులతో నడుస్తూ మాట కలిపి చూశారు. 58 మందిలో 12 మంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. ఆ 12 మందిలో 10 మంది తర్వాతి ఆరు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు పడ్డారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడ్డానికి నడక ఆపుతుంటే విసుక్కోకండి. మీరూ ఆగండి, ఆగి మాట్లాడండి.

సంతోషం కలిగించే సంగతి ఏమిటంటే, అభ్యాసంతో ఈ పని మళ్లీ కొంత తేలికపడుతుంది. అందుకే ఈ వారం నిలబడుతూ చిన్న ఆలోచన ఒకటి కలుపుదాం.

గది మూలలో గోడల వైపు వీపు పెట్టి నిలబడండి. ముందు బరువైన కుర్చీ, దాని వీపు మీ వైపు. పక్కన ఒక మనిషి. ఒట్టి కాళ్లు, ఆరిన నేల. ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేలా ఒకే గీత మీద పెట్టండి. కళ్లు తెరిచే ఉండాలి, చేతులు కుర్చీకి అందేంత దూరంలో గాలిలో. ఇలా పది సెకన్లు నిలబడలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. డాక్టరుకు తప్పక చెప్పండి, ఈ వారం ఇంకేమీ కలపకండి.

నిలబడగలిగితే, ఏడుకొండల పేర్లు చెప్పండి. శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఇది తిరుపతిలో చాలామందికి నోటికి వచ్చిందే కాబట్టి మెదడుకు బరువనిపించదు. గోవింద నామాలూ అంతే. ఇప్పుడు వెనక నుంచి చెప్పండి. వేంకటాద్రి, నారాయణాద్రి... మూడో పేరు దగ్గర ఆగి వెతుక్కుంటారు. సరిగ్గా అక్కడే చీలమండ వణుకుతుంది, భుజాలు బిగుసుకుంటాయి. ఆ వణుకు కోసమే ఈ అభ్యాసం. పేరు మరిచిపోయినా ఫరవాలేదు, పాదం కదిలితే మాత్రం వెంటనే కుర్చీ పట్టుకోండి. రోజుకు మూడుసార్లు, పాదాలు మార్చి మార్చి.

లేచి నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్యే పడినవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకూ ఇదే మాట.

పక్కన నిలబడే మనవళ్లకు ఒక మాట. కొండ మీద క్యూలో లైను కదిలేటప్పుడు అవ్వకు చెయ్యి అందించండి, నోరు మాత్రం కట్టేసుకోండి. లైను ఆగాక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

వచ్చే పాఠంలో మెత్తటి నేల మీద నిలబడతాం. మందపాటి తువ్వాలు ఒకటి నాలుగు మడతలు వేసి సిద్ధంగా పెట్టుకోండి.